జూలో జింకకు చిప్స్ ఎందుకు పెట్టకూడదు?

గుండుగొలను పిల్లలు విశాఖ జూకి విహారయాత్ర వెళ్తే చేతుల్లో చిప్స్ పొట్లాలు ఉండనే ఉంటాయి. కంచె దగ్గరకు జింక రాగానే ఒకటి అందించాలనిపిస్తుంది. వద్దు. ఎందుకంటే జింక ఆవులాగే నెమరువేసే జంతువు. దాని కడుపులో నాలుగు గదులు. మొదటి గదిలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి అరిగిస్తాయి. అలవాటు లేని పిండిపదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే అక్కడ ఆమ్లం పెరిగి జింక జబ్బుపడుతుంది. ఉప్పు రుచికి కవరు కూడా మింగిందా, ఇంకా ప్రమాదం. ప్లాస్టిక్ అరగదు, కడుపులోనే ఉండిపోతుంది. ఇక మేత సయించదు, రోజురోజుకీ చిక్కిపోతుంది.

అందుకే వన్యప్రాణి సంరక్షణ చట్టం జూలో జంతువులకు తిండి పెట్టడాన్ని, ఏడిపించడాన్ని, గోల చేయడాన్ని, చెత్త వేయడాన్ని నిషేధించింది.

గోల ఎందుకు తప్పు? మన కొల్లేరు సరస్సులో ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లి చూడండి. అరుపులకు బెదిరి గూడబాతులు గూళ్లు వదిలి లేస్తే గుడ్లు ఎండకు, కాకులకు దొరికిపోతాయి. జూలో జంతువుకు ఎగిరిపోయే దారి కూడా లేదు.

సాయం ఎలా చేయాలి? ఏ జంతువైనా ఒకే దారిలో అటూ ఇటూ ఆగకుండా తిరుగుతుంటే అది ఆట కాకపోవచ్చు, ఒత్తిడికి గుర్తు కావచ్చు. అది గానీ, గాయం గానీ కనబడితే వెంటనే కీపరుకు చెప్పండి. విశాఖ జూలో దత్తత పథకం కూడా ఉంది: డబ్బు కడితే కొంతకాలం ఒక జంతువు మేత ఖర్చు మనదవుతుంది, జంతువు మాత్రం జూలోనే ఉంటుంది. మీ తరగతి అంతా కలిసి ఒక చిన్న పక్షితో మొదలుపెట్టండి.