ముక్కులో వైరస్, పిక్కల్లో నొప్పి

"ఫ్లూ వైరస్ ముక్కూ గొంతూ ఊపిరితిత్తులూ దాటి పోదంటారు. మరి నా పిక్కలెందుకు లాగేస్తాయి?" అని ఒక పాఠకుడు రాశారు. మడతపెట్టే ముందు గుర్తొచ్చిందేమో, ఉత్తరం అంచున మరో ప్రశ్న ఇరికించారు: "టీకా వేయించుకున్న రాత్రీ ఇదే బాధ. టీకాతోనే ఫ్లూ వస్తుందా?" రెండింటికీ జవాబు ఒకటే కావడంతో, ఈ నెలకు అనుకున్న వ్యాసం పక్కన పడేశాను.

జలుబు ముక్కు కారుతూ మెల్లగా వస్తుంది. ఫ్లూ పొద్దున తిరిగిన మనిషిని సాయంత్రానికి మంచాన పడేస్తుంది: జ్వరం, వణుకు, పొడిదగ్గు, తలనొప్పి, ఒళ్ళంతా సలుపు. వీటిలో చాలావరకు వైరస్ పెట్టే బాధ కాదు, మన ఒళ్ళే పెట్టుకునేది.

ఈ సంగతి తేలడానికి ముందు అసలు దొంగెవరో తెలియాలి కదా. 1892లో బెర్లిన్‌లో రిచర్డ్ ఫైఫర్ అనే శాస్త్రవేత్త రోగుల కఫంలో ఒక బాక్టీరియాను చూసి, దొంగ దొరికాడన్నాడు. ఆయన మాట నమ్మి 1918 మహమ్మారిలో దానితో టీకాలు కూడా తయారుచేశారు. చేయని నేరానికి ఆ బాక్టీరియా ఇప్పటికీ హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే పేరు మోస్తోంది. మనుషుల ఫ్లూ వైరస్ 1933లో లండన్ మిల్‌హిల్ పరిశోధనశాలలో దొరికింది. రోగుల గొంతు కడిగిన నీళ్ళను ఫెర్రెట్‌ల (ముంగిసలా ఉండే జంతువులు) ముక్కులో వేశారు. జబ్బుపడ్డ ఫెర్రెట్ ఒకటి అక్కడి పరిశోధకుడు విల్సన్ స్మిత్ మొహాన తుమ్మితే ఆయనకూ ఫ్లూ వచ్చింది. ఇంతకంటే రుజువేం కావాలి!

అదే మిల్‌హిల్‌లో 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే పరిశోధకులు కోడిగుడ్డు పొరల మీద, వేడిచేసి చంపిన ఫ్లూ వైరస్‌ను పోశారు. తర్వాత బతికున్న వైరస్ వేస్తే అది సరిగా పెరగలేదు. పొరలు నానిన ద్రవాన్ని తీసి కొత్త పొరల మీద పోస్తే, వాటికీ రక్షణ వచ్చింది! పొరలోని కణాలు ఏదో పదార్థాన్ని వదులుతున్నాయన్నమాట. దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు.

వైరస్ సోకిన కణం ఊరికి దండోరా వేసినట్టు ఇంటర్‌ఫెరాన్‌నూ, దాని తోటి రసాయనాలనూ వదులుతుంది. వైరస్ ముక్కు దగ్గరే ఆగినా, ఈ దండోరా రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది. దాంతో మెదడులో ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం తయారై, ఒంటి వేడి ఎంత ఉండాలన్న లెక్కను పెంచేస్తుంది. అందుకే ఒళ్ళు కాలుతున్నా దుప్పటి కావాలంటాం. కండరాల్లోని నరాల చివరలూ సున్నితమవుతాయి. ఇదీ పిక్కల కథ.

నమ్మకం కుదరకపోతే, ఒకప్పుడు హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ సూదులు వేయించుకున్నవారిని అడగండి. ఫ్లూ వైరస్ ఒక్కటీ లేకుండానే, కొన్ని గంటల్లో చలీ జ్వరమూ ఒళ్ళునొప్పులూ పట్టుకునేవి.

టీకా సంగతీ అంతే. సూదిమందులో ఉండేది చంపిన వైరస్ ముక్కలు; అవి పెరగలేవు, ఫ్లూ తేలేవు. చిన్న దండోరా మాత్రం మోగిస్తాయి. నొప్పి రాలేదంటే టీకా పనిచేయలేదనీ కాదు. రక్షణ కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది. ఆలోపు ఫ్లూ తగిలితే నింద టీకా మీద పడుతుంది. టీకా ఏటా ఎందుకంటే, వైరస్ పైతొడుగు మారుతుంది, మన రక్షణా తరుగుతుంది. గర్భిణులు, వృద్ధులు, ఆస్తమా, షుగర్ ఉన్నవారు వాయిదా వేయకూడదు.

ఇంత చెప్పినా రేపు దగ్గు మొదలవగానే మందుల షాపుకెళ్ళి "యాంటీబయాటిక్ ఒకటివ్వండి" అంటారు. వైరస్‌కు యాంటీబయాటిక్ ఎందుకయ్యా? ఫైఫర్ అయినా ఇప్పుడుంటే ఒప్పుకోడు.