ఆ 15 అడుగుల నడుమ బొందలగడ్డలు

పోలవరం జలాశయం పూర్తిగా నిండితే నీటి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. వాడుకకు దించగల కనీస మట్టం 41.15 మీటర్లు, అంటే 135 అడుగులు. ముంపు గురించి మాట్లాడినప్పుడల్లా వినిపించేది మొదటి అంకె. గోదావరి ఒడ్డున తాతముత్తాతలను పూడ్చుకున్న కోయ ఊళ్లు అడగాల్సింది మాత్రం ఆ రెండు అంకెల తేడా గురించి. సమాధులకు అసలు ముప్పు ఆ 15 అడుగుల్లోనే ఉంది.

లోతు నీటిలో శాశ్వతంగా మునిగిన సమాధి కంటికి దూరమవుతుంది గానీ చాలాసార్లు ఉన్నచోటే ఉంటుంది, పైన ఒండ్రు కప్పుకుంటుంది. చెదిరిపోయేది అంచున ఉన్నదే. అది వానాకాలం మునుగుతుంది, ఎండాకాలం తేలుతుంది, మళ్లీ మునుగుతుంది. అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ జలాశయాల పాలైన పురాతన స్థలాలను ఏళ్లపాటు పరిశీలించి 1981లో తుది నివేదిక ఇచ్చింది. నీరు పెరిగి తగ్గే అంచులోనే నష్టం ఎక్కువని అందులో తేలింది.

15 అడుగులు నిలువు కొలత. నేల వంద అడుగులకు ఒక అడుగు చొప్పున వాలి ఉంటే అడ్డంగా అది 1,500 అడుగుల పట్టీ, దాదాపు 457 మీటర్లు. ఒక గూడెం చెలకలు, పశువుల బాట, బొందలగడ్డ అన్నీ అందులో పట్టేస్తాయి. నదిలో గాలికి అల లేవడానికి చోటు తక్కువ. కిలోమీటర్ల వెడల్పున నిలిచిన నీటిలో ఆ చోటు బాగా పెరుగుతుంది. అల ఎత్తు రెండింతలైతే దాని శక్తి నాలుగింతలవుతుంది. అంతకంటే పెద్ద దెబ్బ మట్టాన్ని వేగంగా దించినప్పుడు తగులుతుంది. ఒడ్డుకు బయటినుంచి ఆనుకుని ఉన్న నీరు పోతుంది, మట్టి లోపల నిండిన నీరు అంత త్వరగా బయటికి రాదు. ఆ బరువుకు గట్టు పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుతుంది. బయటపడిన ఎముక తడికి ఉబ్బి, ఎండకు పగులుతుంది. కుండలూ పూసలూ ఎవరికి దొరికితే వారివి.

పాత జలాశయాల్లో ఈ తేడా ఇంకా పెద్దది. శ్రీశైలంలో 885 అడుగుల నుంచి 854కు, అంటే 31 అడుగులు. నాగార్జునసాగర్‌లో 590 నుంచి 510కి, ఏకంగా 80 అడుగులు. సాగర్ కట్టకముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో కేంద్ర పురావస్తు శాఖ నాగార్జునకొండ లోయనంతా తవ్వింది. అది మన దేశం గర్వించదగిన పని. 9 కట్టడాలను కొండమీదికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు, మరో 14 కట్టడాలకు నమూనాలు కట్టారు. బృహత్ శిలాయుగపు సమాధులూ ఆ తవ్వకాల్లో బయటపడ్డాయి. అవతలి ఒడ్డున ఎల్లేశ్వరంలోనూ అలాంటి సమాధులు తవ్వి నమోదు చేశారు. అయితే లోయ ఖాళీ చేసిన ఊళ్లవాళ్ల తాతలూ అవ్వలూ పడుకున్న నేల పురావస్తువు కాదు. దానికోసం ఎవరూ తవ్వలేదు. నాకు బాధ కలిగించేది ఇదే. రెండు వేల ఏళ్లు దాటిన సమాధికి శాఖ ఉంది, అరవై ఏళ్ల సమాధికి కుటుంబం తప్ప దిక్కు లేదు.

ఇటు గోదావరి వైపూ ఇంతే. జనం రాకాసి గూళ్లనే పాతకాలపు రాతి సమాధులు ములుగు జిల్లా దామరవాయిలో గుట్టలమీద వందకు మించి ఉన్నాయి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేటలోని వాటికి కేంద్ర రక్షణ ఉంది. అలాంటి రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కోయలు తమవారి పేర నిలబెట్టుకున్న రాయికి ఇలాంటి హద్దు లేదు.

అదే గోదావరి మీద, కాటారం నుంచి మహదేవపూర్ దాటితే, మేడిగడ్డ బ్యారేజీ. 85 గేట్లు, 100 మీటర్ల పూర్తి మట్టం, 16.17 టీఎంసీల నిల్వ. 2019 జూన్ 21న బ్యారేజీ ప్రారంభమైంది. 2023 అక్టోబర్ 21న పియర్లు కుంగాక నీటిని వదిలేశారు. మధ్యలో 2022 జులైలో గోదావరి ఎంత ఉగ్రంగా వచ్చిందో భద్రాచలం అంకె చెబుతుంది: మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులైతే, ఆ నెల 16న నీరు 71.3 అడుగులకు చేరింది. నది ఒడ్డు నాలుగేళ్లు జలాశయపు ఒడ్డయింది, ఒక మహావరదను చూసింది, మళ్లీ నది ఒడ్డయింది. బ్యారేజీ మట్టం, గేట్లు, క్యూసెక్కులు రోజూ నమోదవుతాయి. ఆ పుస్తకంలోనే ఒడ్డున ఉన్న బొందలగడ్డలకూ ఒక వరుస ఉండాలి: ఏ ఊరిది, ఏ మట్టంలో ఉంది, ఈ ఏడు గట్టు ఎన్ని అడుగులు లోపలికి జరిగింది.

జలాశయపు ఒడ్డు కోసుకుపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి అమెరికాలో ఉంది. అక్కడ వాషింగ్టన్, ఒరెగాన్ రాష్ట్రాల సరిహద్దులో కొలంబియా నది మీద మెక్‌నరీ డ్యామ్ ఉంది. దాని వెనక నిలిచిన నీటి ఒడ్డున 1996 జులై 28న ఒక పుర్రె బయటపడింది. అది కెన్నెవిక్ మనిషిది, దాదాపు 8,500 ఏళ్ల నాటిది. 1998లో సైన్యపు ఇంజినీర్లు ఆ ఒడ్డుమీద వందల టన్నుల రాళ్లు, మట్టి పోసి కోతను ఆపారు. అక్కడ ఇంకా చూడాల్సింది ఉందని శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. అస్థికలు తమ పూర్వీకుడివని, తిరిగి పూడ్చాలని స్థానిక తెగలు పట్టుబట్టాయి. 2015లో డీఎన్ఏ పరీక్ష వారి మాటనే బలపరిచింది. 2017 ఫిబ్రవరి 18న ఆయనను మళ్లీ మట్టిలో పెట్టారు. కనబడిన నాటికి, పూడ్చిన నాటికి మధ్య 20 ఏళ్లు దాటాయి.

మన చట్టంలో ఒక గట్టి ఆధారం ఉంది, దాన్ని సరిగ్గా వాడుకోవడం లేదని నా అభిప్రాయం. అటవీ హక్కుల నిబంధనల్లో 13వ నిబంధన బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలను హక్కుకు సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. ఒడ్డు కోసుకుపోతే సమాధితోపాటు ఆ సాక్ష్యమూ కొట్టుకుపోతుంది. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలు పునరావాస కాలనీలో కొత్త శ్మశానం ఇమ్మంటుంది. పాతదాని సంగతి అది తేల్చదు. 1996 పెసా చట్టం ప్రకారం సంప్రదాయాలను, ఆచారాలను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉంది. కాబట్టి తీర్మానం అక్కడినుంచే రావాలి.

ఒడ్డును కాపాడే పనులు కష్టమైనవేమీ కావు. ఇంజినీర్లు రోజూ చేసేవే. ముందు జాగ్రత్తగా మట్టి కప్పి, దానిమీద వడపోత గుడ్డ పరిచి, ఆపైన రాళ్లు పేరుస్తారు. గుడ్డ లేకపోతే రాళ్ల సందుల్లోంచి మట్టి జారిపోతుంది, కొన్నాళ్లకు రాయి కూలుతుంది. వాలు తక్కువున్న చోట కొబ్బరి పీచు చాపలు, వట్టివేళ్లు చాలు. పడవల వేగం తగ్గించాలి, మట్టాన్ని ఒక్కసారిగా దించకూడదు. ఎక్కడ తాకాలో, ఎక్కడ తాకకూడదో చెప్పాల్సింది ఆ ఊరి పెద్దలే. కొన్ని చోట్ల రాళ్లు పోయడానికి బదులు అస్థికలను పైకి తెచ్చి పూడ్చుకుంటామని వాళ్లు అనవచ్చు.

ఒడ్డు బాగా తేలేది ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని, జీపీఎస్ ఉన్న ఫోన్‌తో ఒడ్డు వెంట నడిచి గుర్తులు పెట్టుకోవడానికి ఏటా దొరికే గడువు ఆ రెండు నెలలే. పోలవరంలో 150 అడుగుల దాకా నీరు ఇంకా నింపలేదు కనుక, అక్కడ ఈ నడక ముంపుకు ముందే పూర్తి చేయవచ్చు.