మూటలో తెగిపోయే పేర్లు

కంప్యూటరులో వందలాది ఫైళ్లను ఒక్క మూటగా కట్టి దాచే పద్ధతులలో ‘టార్’ మిక్కిలి ప్రసిద్ధమైనది. టేప్ ఆర్కైవు అన్న మాటలను కుదించగా ఏర్పడిన పేరది. 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో వెలువడినది. టేపు చుట్టల నడుమ ఉద్యోగం చేసేవారికి ఈ పేరు వింటే ఏదో చుట్టరికం తోస్తుంది.

అటువంటి పాత మూటలను విప్పి ‘గిట్’ వంటి వెర్షన్ కంట్రోలులోనికి చేర్చే పని నేడు తరచు జరుగుతున్నది. ఏ ఫైలు ఎప్పుడు ఎవరిచేత ఎట్లా మారినదో నమోదు చేసి ఉంచే పద్ధతి ఇది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించినాడు. నెలకొక మూట చొప్పున దాచినవారు వాటిని వరుసగా చేర్చుకుంటూ పోతే, నెలనెలా జరిగిన మార్పులన్నీ కంటికి కనిపిస్తాయి. చిక్కు వచ్చేది పేర్ల దగ్గరనే.

టార్ మూటలో ప్రతి ఫైలుకు ముందు 512 బైట్ల చీటీ ఒకటి ఉంటుంది. అందులో పేరుకు కేటాయించిన చోటు 100 బైట్లు. ఫోల్డర్ల పేర్లు కూడా అందులోనే ఇమడవలె. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలును. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తుకు మూడు కావలె. అదీగాక, మనం ఒక్క అక్షరమనుకొనే ‘ప్ర’ కంప్యూటరుకు ప, పొల్లు, ర అనే మూడు గుర్తులు, అనగా తొమ్మిది బైట్లు.

‘ఆకాశవాణి’ అనే ఫోల్డరు, దానిలో ‘ప్రసంగాలు’ అనే మరొక ఫోల్డరు ఉన్నవనుకుందాం. నడుమ గీతలతో సహా 53 బైట్లు అక్కడికే చెల్లిపోయినవి. లోపల ‘పల్లెటూరి సామెతలు మొదటి భాగం’, ‘పల్లెటూరి సామెతలు రెండవ భాగం’ అని రెండు ఫైళ్లు. నూరవ బైటు ‘సామెతలు’ చివరి కొమ్ము నడుమ పడుతుంది. తెగిన తరువాత రెండింటి పేరూ ఒకటే! దిగుమతి చేసే ప్రోగ్రాము ఆ తెగిన పేరునే నమ్మితే, రెండవ భాగం వచ్చి మొదటి భాగం స్థానంలో కూర్చుంటుంది. తప్పు జరిగినదని ఎవరూ చెప్పరు.

ఈ ఇబ్బందికి విరుగుడు లేకపోలేదు. 1988 నాటి యూస్టార్ పద్ధతి ఫోల్డర్ల కోసం మరి 155 బైట్లు ఇచ్చినది. జీఎన్‌యూ టార్ ‘లాంగ్‌లింక్’ అనే ఉత్తుత్తి ఫైలును ముందు నిలిపి, పూర్తి పేరును దాని కడుపులో దాస్తుంది. 2001 నాటి పాక్స్ పద్ధతి అదనపు చీటీని జతపరుస్తుంది. అయితే వీటిని చదవడం దిగుమతి చేసేదానికి తెలియవలె గదా! గిట్‌కై వ్రాసిన ‘ఇంపోర్ట్-టార్స్’ ప్రోగ్రాముకు పాక్స్ చీటీలోని పొడుగు పేరు చదవడం నేర్పినది 2018లో మాత్రమే.

పేర్లు కుదించుకొమ్మని సలహా చెప్పేవారున్నారు. నాకది సమ్మతం కాదు. ప్రసంగించినది ఎవరో, ఎప్పుడో తెలిపే ఆధారం చాలచోట్ల ఆ పేరొక్కటే. అంతకంటె, క్రొత్త టార్‌తో మూటను ముందుగా డిస్కుపై విప్పి, ఆపైన గిట్‌లో చేర్చడం మేలు. మూటలోని ఫైళ్లను, గిట్‌లో చేరిన ఫైళ్లను లెక్కపెట్టి సరిచూచినగాని పాత మూటను పారవేయరాదు. ఖాళీ ఫోల్డర్లను గిట్ ఉంచుకోదు గనుక వాటిని లెక్కలోనికి తీసుకొనరాదు.

విండోస్ వాడేవారికి మరొక మాట. అక్కడ దారి మొత్తం పొడవుకు 260 గుర్తుల పాత హద్దు ఉన్నది; తెలుగు గుర్తు కూడా అక్కడ ఒకటిగానే లెక్క. గిట్ ఆ హద్దు దాటవలెనంటే ‘కోర్.లాంగ్‌పాత్స్’ అనే అమరికను ‘ట్రూ’ అని మార్చవలె.