వేర్వేరు యుగాల వీరుల పోరు: టెలివిజన్ ఊహ, చరిత్ర పద్ధతి

రోమన్ సెంచూరియన్, రాజపుత్ర యోధుడు తలపడితే ఎవరు గెలుస్తారు? 2010లో ‘డెడ్లియెస్ట్ వారియర్’ అనే అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం ఈ ప్రశ్న వేసింది. ఆయుధాల దెబ్బను బొమ్మలపై కొలిచి, ఆ అంకెలతో కంప్యూటరులో 1000 పోరాటాలు నడిపి, రాజపుత్రుణ్ణి విజేతగా ప్రకటించింది.

కొలతలు నిజమైనవే. మరి లోపం ఎక్కడుంది? రేణిగుంట ప్రాంత విద్యార్థులు తమకు దగ్గరలోని చంద్రగిరి కోటను ఉదాహరణగా తీసుకోవచ్చు. విజయనగర రాజధాని హంపి నుండి పెనుకొండకు, తరువాత చంద్రగిరికి మారడానికి మూలం 1565 నాటి తళ్ళికోట యుద్ధం. అక్కడ విజయనగరం ఓడింది కత్తుల పదును తగ్గి కాదు. దక్కన్ సుల్తానులు ఏకమయ్యారు. వారి ఫిరంగిదళం బలంగా ఉంది. రామరాయలు పట్టుబడి హతుడు కాగానే సైన్యం చెదిరిపోయింది.

యోధుణ్ణి అతని కాలం నుండి వేరుచేస్తే మిగిలేది ఆయుధం మాత్రమే. కూటములు, నాయకత్వం, తిండిగింజల సరఫరా లెక్కలోకి రావు. అందువల్ల ఇటువంటి కార్యక్రమాన్ని ఆయుధాల పరిచయంగా చూడండి, చరిత్ర తీర్పుగా స్వీకరించకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: తళ్ళికోట ఫలితాన్ని ఆయుధాల కొలతలతోనే వివరించగలమా? మూడు వాక్యాలలో రాయండి.