సి.డి. పళ్లెమా, పాటల భాండాగారమా?



బొమ్మసంద్ర పారిశ్రామిక ప్రాంతమునకు పనికై వచ్చి స్థిరపడిన తెలుగువారి యిండ్లలో పాత సి.డి.లు తరచుగా కానవచ్చును. ఘంటసాల పాడిన భగవద్గీత, త్యాగరాజ కృతులు, హరికథలు వానిలో నుండును. వీథిలో కన్నడము వినుచు పెరుగు మన బాలబాలికల చెవికి మంచి తెలుగు పలుకు సోకు మార్గములలో ఇదియు నొకటి.

ఇటీవల ఒక విద్యార్థి తండ్రి నన్ను, "అయ్యవారూ, మా సి.డి. ప్లేయరు చెడిపోయింది. సి.డి. ట్రాన్స్‌పోర్టు కొనమంటారా, మ్యూజిక్ సర్వరు కొనమంటారా?" అని యడిగెను. ఈ ప్రశ్న పలువురికి కలుగునది గావున సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాను.

సోనీ, ఫిలిప్సు సంస్థలు కూడి రూపొందించిన సి.డి. 1982లో విపణికి వచ్చెను. 12 సెంటీమీటర్ల వ్యాసముగల ఈ పళ్లెముపై పాట సంఖ్యల రూపమున నుండును. ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచి, ఆ కొలతలను సూక్ష్మమైన గుంటలుగా అచ్చొత్తుదురు. ట్రాన్స్‌పోర్టు లేజరు కిరణముతో ఆ సంఖ్యలను చదివి వెలుపలికి పంపును, తానుగా పాడజాలదు. సంఖ్యలను ధ్వనిగా మార్చుటకు డాక్ అను పరికరమును, ఆపై యాంప్లిఫయరును, స్పీకర్లును కావలెను.

మ్యూజిక్ సర్వరు ఆ సంఖ్యలనే హార్డుడిస్కులో దాచును. ఫ్లాక్ పద్ధతిలో దాచినచో ఒక్క సంఖ్యయు పోదు; స్థలము మాత్రము రమారమి సగమే పట్టును. ఒక టెరాబైటు డిస్కులో రెండువేల సి.డి.లు ఇముడును. ఎంపీత్రీ పద్ధతి యట్టిది కాదు. చెవికి అంతగా తెలియవనుకొన్న అంశములను అది విడిచివేయును.

పళ్లెము చెడక, డాక్ ఒక్కటే యైనచో, రెండింటి పాటయు ఒక్క తీరుననే వినబడును. కావున ఏది మధురముగా పాడునని గాక, ఏది ఎట్లు చెడునని విచారింపవలెను.

పళ్లెము అడుగున పడిన చిన్న గీతలను యంత్రము సరిదిద్దుకొనును. పేరు ముద్రించిన వైపు లోతుగా గీసుకొన్నచో దిద్దుబాటు లేదు. అద్దమువంటి లోహపుపొర ఆవైపుననే యున్నది. ఇంట వ్రాసుకొన్న డిస్కులు మరింత సుకుమారములు. వానిలోని రంగుపొర ఎండకు వెలిసిపోవును. ఆంధ్రప్రదేశమున శిక్షణ పొందునాడు మా గురువుగారి పద్యపఠనమును నేనిట్టి డిస్కుపై వ్రాయించుకొంటిని. కిటికీచెంత నుంచుటచే అది చెడినది. ఆ కంఠము మరల దొరకలేదు.

సర్వరునకు వేరొక ఆపద గలదు. పళ్లెములు ఒక్కొక్కటిగా చెడును. హార్డుడిస్కు చెడినచో అన్ని పాటలును ఒక్కమారే పోవును. కావున రెండవ ప్రతిని వేరొక డిస్కుపై, వీలైనచో బంధువుల యింట, ఉంచవలెను.

సి.డి.లు కొలదిగా నుండి, డాక్ ఇదివరకే యున్నవారికి ట్రాన్స్‌పోర్టు చాలును. వందలకొలది యున్నవారికి సర్వరు మేలు. అయితే ఏది కొనుటకైనను ముందు, అంగడిలో దొరకని డిస్కులను కంప్యూటరులోనికి ఎక్కింపుడు.

ఆ తండ్రికి నేనీ మాటయే చెప్పితిని. వారియింట పండ్రెండు సి.డి.లుండగా, ఒకదానిలో బాలుని అవ్వ పాడిన జోలపాట యుండెను. యంత్రము ఇంకను కొనలేదు గాని, ఆ పాటకు రెండు ప్రతులు సిద్ధమైనవి. బాలుడే దానికి తెలుగులిపిలో పేరు వ్రాసెను. పిల్లలారా, మీ యింటి పాటలకును మీరే పేర్లు వ్రాయుడు, తెలుగులోనే వ్రాయుడు.