ఇరుసు బలం

సావనీరుకి ఏదైనా రాయమని యూనియన్ కుర్రాళ్ళు అడిగినప్పుడు నాకు ముందుగా తట్టింది ఈ విషయమే. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు నా దగ్గరకొచ్చి, "మాస్టారూ, పాత జీపుకి పెద్ద ఇంజను వేస్తే ఎంత స్పీడు లాగుతుందండీ?" అని అడుగుతూనే ఉంటారు. ఇంజను సంగతి అందరూ అడుగుతారు. ఆ ఇంజను బలాన్ని చక్రాల దాకా మోసే వెనక ఇరుసు సంగతి మాత్రం ఇంతవరకు ఒక్కడూ అడగలేదు.

ఇరుసు అనే మాట మన పెద్దాపురం వాళ్ళకు కొత్తేమీ కాదు. ఒకప్పుడు సామర్లకోట పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలిన ఎడ్లబండ్లను చూసినవారు మన పూర్వ విద్యార్థుల్లో ఉండే ఉంటారు. ఎడ్లబండి ఇరుసు తిరగదు. చక్రం దాని మీద తిరుగుతుంది, ఇరుసు బరువు మోస్తుంది, అంతే. వేళకి కందెన పెట్టుకుంటూ పోతే ఏళ్ళ తరబడి నడుస్తుంది. మోటారు కారు వెనక ఇరుసుకి ఈ పని చాలదు. బరువు మోస్తూనే అది ఇంజను మెలితిప్పే బలాన్ని, అంటే టార్కును, చక్రాలకి అందించాలి. ప్రొపెల్లర్ షాఫ్టు నుంచి నిలువుగా వచ్చే తిరుగుడును పీనియను, క్రౌన్ వీలు కలిసి అడ్డంగా మళ్ళిస్తాయి. పాండవుల మెట్ట దగ్గర మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కాబట్టి మధ్యలో డిఫరెన్షియల్ పళ్ళు ఆ తేడాను సర్దుతాయి. అక్కణ్ణించి రెండు పక్కలకీ రెండు ఇనుప కడ్డీలు, అంటే యాక్సిల్ షాఫ్టులు, చక్రాల దాకా పోతాయి. ఇదంతా ఇమిడి ఉన్న గొట్టాన్ని మన షెడ్లలో హౌసింగ్ అంటారు.

ఇప్పుడు కొంచెం లెక్క చూద్దాం. ఒక మామూలు కారు ఇంజను 15 కిలోగ్రాం-మీటర్ల టార్కు ఇస్తుందనుకోండి. మొదటి గేరు దాన్ని మూడున్నర రెట్లు, వెనక క్రౌన్-పీనియను మరో 4 రెట్లు చేస్తాయి. అంటే ఇరుసు దగ్గరకి 210 వస్తుంది. ఇంజను బలం రెట్టింపైతే 420. "అయితే షాఫ్టు ఫట్మనాల్సిందే కదా" అంటారు మీరు. ఇక్కడే తమాషా ఉంది. ఇరుసు మీద పడే టార్కును నిర్ణయించేది ఒక్క ఇంజనే కాదు, టైరు కూడా. వెనక చక్రాల మీద 700 కిలోల బరువు, చక్రం వ్యాసార్ధం 0.3 మీటర్లు, మామూలు టైరుకి రోడ్డు మీద పట్టు 0.7 అనుకుంటే, 147 దాటగానే చక్రం జారిపోతుంది. అంతకన్నా ఎక్కువ ఇంజను ఎంత ఇచ్చినా పొగా, చప్పుడే తప్ప ఇరుసు మీద పడేది లేదు. మన ఇళ్ళలో ఫ్యూజు ఎలాంటిదో ఇక్కడ అరిగిన టైరు అలాంటిది! అదే కారుకి పందేల్లో వాడే మెత్తటి వెడల్పు టైర్లు వేశారనుకోండి. పట్టు 1.2 అవుతుంది, హద్దు 252కి పెరుగుతుంది. పాత ఇంజనుతోనే 210 మొత్తం ఇరుసు మీద పడుతుంది, కొత్త ఇంజనుతో 252 పడుతుంది. కాబట్టి హార్స్ పవరు కన్నా పట్టే ఎక్కువగా ఇరుసులు విరుస్తుందని నా అభిప్రాయం.

ఈ లెక్క నిదానంగా లాగేటప్పటిది. క్లచ్చి మీద కాలు ఒక్కసారిగా తీసేసినా, గోతిలో గాల్లోకి లేచి గిర్రున తిరుగుతున్న చక్రం నేలని పట్టుకున్నా పడే దెబ్బ దీనికి మించుతుంది.

మనకి తెలిసిన బండి నుంచే ఉదాహరణ ఇస్తాను. 2014 దాకా ఉత్తరపారలో తయారైన అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అందులో చాలాకాలం వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనుది బి.ఎం.సి. 'బి' సిరీస్ కుటుంబం. ఆ కుటుంబంలోదే 1798 సి.సి. ఇంజనును పెట్టి 1962లో ఎం.జి.బి. అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. అంటే మన టాక్సీకి, ఆ షోకిల్లా కారుకి చుట్టరికం ఉందన్నమాట. మొదట్లో ఎం.జి.బి.కి బాంజో రకం ఇరుసు ఉండేది. 1965లో పైకప్పున్న జి.టి. వచ్చినప్పుడు దానికి ఇంకా గట్టిదైన, గొట్టాల రకం సాలిస్‌బరీ ఇరుసు వేశారు. 1967లో పైకప్పు లేని కారుకీ అదే వచ్చింది. 1973లో అందులోనే 3528 సి.సి. ఎనిమిది సిలిండర్ల రోవర్ ఇంజను పెట్టినప్పుడు పళ్ళ లెక్క కూడా మార్చారు. మామూలు కారులో క్రౌన్ వీలుకి 43 పళ్ళు, పీనియనుకి 11. ఎనిమిది సిలిండర్ల దానికి 43, 14. ఇది ఆలోచించాల్సిన సంగతి. బలమైన ఇంజనుకి అంత రెట్టింపు అక్కర్లేదు. పైగా పీనియను లావవుతుంది, షాఫ్టుల మీద భారం తగ్గుతుంది. బలమైన ఇరుసు అంటే లావుపాటి ఇరుసొక్కటే కాదన్నమాట.

ఇరుసును పూర్తిగా మార్చేయడమే ఒక విద్యగా మారింది మాత్రం అమెరికాలో. ఫోర్డ్ మస్టాంగ్ 5 లీటర్ల కారుకి 1985 వరకు క్రౌన్ వీలు కొలత 7.5 అంగుళాలు. 1986లో దాన్ని 8.8 చేశారు. షాఫ్టు చివర గాడులు 28. అదే కంపెనీ ఎక్స్‌ప్లోరర్ అనే జీపులాంటి బండికి వేసిన 8.8 అంగుళాల ఇరుసులో గాడులు 31. మొదటి దాని షాఫ్టు సుమారు 30 మిల్లీమీటర్లు, రెండోది 33. తేడా పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ మెలికను తట్టుకునే బలం వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 1.1 ఘనం 1.331. పదో వంతు లావుకి మూడో వంతు బలం! అందుకే ఔత్సాహికులు పాత సామాను దుకాణాల్లో ఎక్స్‌ప్లోరర్ ఇరుసులు వెతికి తెచ్చి మస్టాంగ్‌లకి వేసుకుంటారు.

వేయడం అంత తేలిక కాదు. ఎక్స్‌ప్లోరర్ ఇరుసులో ఒక పక్క గొట్టం పొడుగు, ఒక పక్క పొట్టి. పొడుగు పక్కను కోసి, రెండు పక్కలా పొట్టి షాఫ్టులే వేయాలి. ఆ బండి కమాన్ కట్టల మీద నడిచేది, మస్టాంగ్ కాయిల్ స్ప్రింగుల మీద. కాబట్టి పాత దిమ్మలు కోసేసి కొత్త బ్రాకెట్లు వెల్డింగు చేయాలి. చక్రానికి బోల్టులు దీనికి ఐదు, ఆ కాలపు మస్టాంగ్‌కి నాలుగు. వెల్డింగు వేడికి గొట్టం వెంట్రుకవాసి వంగినా రెండు చివరల బేరింగులు ఒక వరసలో ఉండవు, షాఫ్టు గాడులు అరిగిపోతాయి. కాబట్టి లేతు మీద సరిచూసుకోవాలి. పీనియను ముక్కు ఏ కోణంలో చూస్తోందో కొలవాలి, లేకపోతే జాయింట్ క్రాసులు వణికి పోతాయి. ఇక క్రౌన్ వీలుకి, పీనియనుకి మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు నుంచి పావు వంతు దాకా ఉండాలి. పళ్ళకి రంగు పూసి తిప్పి, అచ్చు ఎక్కడ పడుతోందో చూసి, పలుచటి సిమ్ములు పెడుతూ తీస్తూ మెకానిక్కులు సరిచేస్తారు. మన ఊరి షెడ్లో ఈ పని గంటలసేపు నిలబడి చూశాను. ఆ మేస్త్రీ చేతివేళ్ళ ఓపిక మా లాబొరేటరీ విద్యార్థులకి ఉంటే ఎంత బాగుండును!

బరువు సంగతీ ఉంది. ఇరుసు బరువు స్ప్రింగుల కింద ఉండే బరువు. అది పెరిగితే గతుకుల్లో చక్రం ఎగిరి ఆలస్యంగా దిగుతుంది. నున్నటి పందెం దారి మీద దీన్ని భరించవచ్చు, మన రోడ్ల మీద మాత్రం ఆలోచించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ప్రాణం సంగతి. లారీల వెనక ఇరుసును ఫుల్ ఫ్లోటింగ్ అంటారు. చక్రం హౌసింగు మీద సొంత బేరింగుల మీద తిరుగుతుంది, షాఫ్టు మెలితిప్పడానికే. అందుకే చక్రం నేలమీద ఉండగానే నడిమి బోల్టులు విప్పి షాఫ్టును బయటికి లాగేస్తారు, మీరు రోడ్డు పక్కన చూసే ఉంటారు. యుద్ధకాలంలో విల్లీస్ జీపుకి ఉన్నదీ ఈ రకమే. తర్వాత ప్రజల కోసం వచ్చిన జీపులకీ, చాలా కార్లకీ సెమీ ఫ్లోటింగ్ ఇరుసులు వచ్చాయి. వీటిలో చక్రం షాఫ్టుకే బిగించి ఉంటుంది. షాఫ్టు చక్రం పక్కన విరిగితే బండి ఆగిపోవడంతో సరిపోదు, చక్రం డ్రమ్ముతో సహా బయటికి వచ్చేయవచ్చు. మారేడుమిల్లి ఘాటులో ఆ పని జరిగితే ఏమవుతుందో నేను వర్ణించను.

పాత జీపు మీద కన్నేసిన మిత్రులకి చట్టం మాటా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇంజను మార్చాలంటే ముందు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. ఆ కాగితాలతో పాటు వెనక్కి వంగి ఇరుసు ఏ రకమో, షాఫ్టు ఎంత లావో కూడా చూసుకోండి. డ్రెయిన్ బోల్టు విప్పి పాత నూనె కొంచెం గుడ్డ మీద పోయించండి. మెరిసే పొడి అయితే మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ముక్కలు దొరికితే, పళ్ళు అప్పటికే విరగడం మొదలుపెట్టాయన్నమాట.