సముద్రపు వేటకు మూడు లెక్కలు: పోటు, వెన్నెల, గాలి



మన ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్ఛాపురం నుండి తడ వరకు సముద్ర తీరం ఉంది. కొత్త కొలతల ప్రకారం దీని పొడవు 1,053 కిలోమీటర్లు. ఈ తీరం వెంబడి ఉన్న వందలాది పల్లెలకు సముద్రమే పొలం, వలే నాగలి. మన హాస్టల్‌లో అటువంటి పల్లెల నుండి వచ్చిన విద్యార్థులం కొందరం ఉన్నాము. మెట్ట ప్రాంతాల నుండి వచ్చిన మిత్రులు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సముద్రం రోజూ అక్కడే ఉంటుంది కదా! మరి మీవాళ్ళు ఒకరోజు అర్ధరాత్రి, ఒకరోజు తెల్లవారుజామున వేటకు వెళ్ళడమేమిటి? ఒక్కొక్కసారి ఎండ కాస్తున్నా ఇంటి దగ్గరే కూర్చోవడమేమిటి?" అని. దానికి సమాధానమే ఈ వ్యాసం.

రైతు కార్తెలు చూసి విత్తనం వేసినట్లే మత్స్యకారుడు మూడు లెక్కలు చూసి పడవ దింపుతాడు. మొదటిది పోటుపాట్లు, రెండవది చంద్రుని కళలు, మూడవది వాతావరణం. వీటిలో మొదటి రెండు లెక్కలు వలలో ఎంత పడుతుందో చెబుతాయి. మూడవది మనిషి ఇంటికి తిరిగి వస్తాడో లేదో చెబుతుంది. ఈ తేడా ఎంత ముఖ్యమో ముందుముందు తెలుసుకుందాం.

పోటు అంటే ఏమిటి? పాటు అంటే ఏమిటి?

సముద్రపు నీరు పెరిగి ఒడ్డు మీదికి రావడాన్ని పోటు అని, తగ్గి వెనక్కి పోవడాన్ని పాటు లేదా ఆటు అని అంటారు. చంద్రుడు, సూర్యుడు భూమి మీది నీటిని ఆకర్షించడమే దీనికి కారణం. ఈ సంగతిని 1687లో న్యూటన్ తన గ్రంథంలో శాస్త్రీయంగా వివరించాడు. సూర్యుడు ఎంతో పెద్దవాడైనా చాలా దూరంలో ఉన్నందువల్ల పోటు మీద అతని ప్రభావం చంద్రుని ప్రభావంలో సగం కంటే తక్కువే.

మన తీరంలో ఒక పోటుకు, తరువాతి పోటుకు మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే సుమారు 24 గంటల 50 నిమిషాలలో రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. అందువల్ల ఈరోజు పోటు వచ్చిన వేళకు రేపు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుడు కూడా రోజుకు దాదాపు అంతే ఆలస్యంగా ఉదయిస్తాడని గమనించండి.

అమావాస్య, పౌర్ణమి రోజులలో సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తాయి. ఇద్దరి బలం కలుస్తుంది కాబట్టి పోటు ఎక్కువగా పొంగుతుంది, పాటు ఎక్కువగా తగ్గుతుంది. అష్టమి ప్రాంతంలో సూర్యచంద్రులు ఒకరికొకరు అడ్డంగా లాగుతారు కాబట్టి నీటి కదలిక మందగిస్తుంది. విశాఖపట్నం వద్ద అమావాస్య, పౌర్ణముల సమయంలో పోటుకు పాటుకు తేడా సుమారు ఒకటిన్నర మీటరు ఉంటే అష్టమి సమయంలో అర మీటరు వరకే ఉంటుంది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఈ తేడా 10 మీటర్లు దాటుతుంది. దానితో పోల్చితే మనది చిన్న పోటే. అయినా వేటకు, పడవకు ఆ కొద్ది తేడాయే ఎంతో ముఖ్యం.

తిథిని బట్టి పోటు వేళ

గడియారం లేని రోజులలో కూడా మా తాతలు పోటు వేళను తిథిని బట్టి లెక్కకట్టేవారు. ఆ లెక్క ఎవరైనా వేయవచ్చు. మన ఊరి ఒడ్డున అమావాస్య నాడు ఉదయం 9 గంటలకు పోటు నిండిందనుకుందాం. అప్పటి నుండి రోజుకు 50 నిమిషాలు కలుపుకుంటూ పోవాలి. నాలుగు రోజుల తరువాత, అంటే చవితి నాడు, 200 నిమిషాలు కలుస్తాయి కాబట్టి మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాలకు పోటు నిండుతుంది. అష్టమి నాడు 400 నిమిషాలు కలిసి సాయంత్రం 3 గంటల 40 నిమిషాలవుతుంది. పౌర్ణమి నాటికి రాత్రి 9 గంటల 30 నిమిషాలవుతుంది. దానికి ముందు పోటు అదే రోజు ఉదయం 9 గంటల 5 నిమిషాలకు వచ్చి ఉంటుంది. అంటే పక్షం రోజులు తిరిగేసరికి పోటు మళ్ళీ మొదటి వేళకే చేరుకుంటుందన్నమాట. పోటు నిండిన తరువాత సుమారు 6 గంటల 12 నిమిషాలకు పూర్తి పాటు వస్తుంది.

ఈ లెక్క అరగంట, ముప్పావుగంట అటూ ఇటూ కావచ్చు. ఖచ్చితమైన వేళలు కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురించే పోటుపాట్ల పట్టికలు ఉన్నాయి. సూర్యచంద్రుల గమనం ముందే తెలుసు కాబట్టి ఏడాది పొడవునా ఏ రేవులో ఎప్పుడు ఎంత పోటు వస్తుందో ముందే అచ్చు వేయగలుగుతున్నారు.

మరొక సంగతి. నీరు ఆరు గంటలపాటు ఒకే వేగంతో పెరగదు. మొత్తం పెరుగుదల 120 సెంటీమీటర్లు అనుకుంటే మొదటి గంటలో 10, రెండవ గంటలో 20, మూడవ, నాలుగవ గంటలలో 30 చొప్పున, ఐదవ గంటలో 20, ఆరవ గంటలో 10 సెంటీమీటర్లు పెరుగుతుందని ఒక స్థూలమైన లెక్క. అంటే నడిమి రెండు గంటలలో నీటి లాగుడు అన్నిటికంటే ఎక్కువ.

వేటకు ఈ లెక్క ఎలా ఉపయోగపడుతుంది?

గోదావరి, కృష్ణా ముఖద్వారాల వద్ద, కోరింగ మడ అడవుల కాలువలలో పోటు నీటితోపాటు రొయ్యలు, చిన్న చేపలు లోపలికి వస్తాయి. పాటు మొదలయ్యాక ఆ నీటితోనే బయటకు పోతాయి. కాలువకు అడ్డంగా కర్రలు పాతి సంచిలాంటి వల కట్టేవారు ఆ సమయం కోసం కాచుకొని ఉంటారు. నీటి లాగుడు బలంగా ఉండే అమావాస్య, పౌర్ణమి రోజులు వారికి మంచి రోజులు. లోతు సముద్రంలో వల పరిచేవారికి మాత్రం లాగుడు మరీ ఎక్కువైతే వల మెలికపడి, కొట్టుకుపోయే ప్రమాదముంది. కాబట్టి ఒకరికి మంచి రోజు మరొకరికి కాకపోవచ్చు.

నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటాము. అక్కడ ఇసుక మేటలు ఉంటాయి. పాటు వేళ నీరు తగ్గి పడవ అడుగు మేటకు తగులుతుంది. అంతేకాదు, బయటకు పోయే నీటికి లోపలికి వచ్చే కెరటం ఎదురైనప్పుడు కెరటం నిటారుగా లేచి విరుగుతుంది. చాలా పడవలు బోల్తాపడేది నడిసముద్రంలో కాదు, ఒడ్డు కనిపించే ఇటువంటి చోట్లే. అందుకే పోటు నిండే వేళకు మొగ దాటేటట్లు ప్రయాణం వేసుకోవాలి. వెళ్ళే వేళ మాత్రమే కాదు, తిరిగి వచ్చే వేళ కూడా ముందే లెక్క చూసుకోవాలి.

వెన్నెల, చీకటి

చంద్రుడు పోటు ద్వారానే కాదు, వెలుతురు ద్వారా కూడా వేటను మారుస్తాడు. వెన్నెల రాత్రులలో నీటిలో పరచిన వల చేపకు కనిపిస్తుంది, తప్పుకుపోతుంది. అందుకే వల పరచి రాత్రివేట చేసేవారు చీకటి రాత్రులను ఇష్టపడతారు. కవళ్ళు, కానాగంతలు గుంపులుగా తిరిగే చేపలు. అమావాస్య రోజులలో అవి కదిలినచోట నీటిలోని సూక్ష్మజీవులు చలించి మెరుస్తాయి. పడవ ముందు నిలబడిన అనుభవజ్ఞుడు ఆ మెరుపును చూసి గుంపు ఎటు పోతోందో చెప్పగలడు. వెన్నెలలో ఆ మెరుపు కనిపించదు.

చేప వెలుతురు దగ్గర చేరే గుణాన్ని ఆసరాగా తీసుకొని కొందరు పెద్ద ఎల్‌ఈడీ దీపాలతో వేట సాగించారు. చిన్నాపెద్దా చేపలన్నీ ఊడ్చుకుపోతున్నందున 2017 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని కాపాడడానికి తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు ఇంజను పడవల వేటకు విరామం ఉంది. ఏ ప్రణాళిక వేసుకున్నా ఈ విరామాన్ని గౌరవించాలి. ఈరోజు వదిలిన తల్లి చేపే రేపటి వేట.

గాలి, వాన, తుఫాను

రాత్రివేళ నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం నెమ్మదిగా చల్లబడుతుంది. కాబట్టి తెల్లవారుజామున గాలి నేల నుండి సముద్రం వైపు వీస్తుంది. మధ్యాహ్నానికి నేల వేడెక్కి గాలి సముద్రం నుండి ఒడ్డుకు తిరుగుతుంది. తెరచాప పడవల కాలంలో వేకువ గాలితో వెళ్ళి, మధ్యాహ్నపు గాలితో తిరిగి వచ్చేవారు. ఇంజన్లు వచ్చినా మంచి వాతావరణం ఉన్న రోజులలో ఈ పద్ధతి డీజిలు ఆదా చేస్తుంది.

కానీ ఏడాదంతా ఇలా ఉండదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలులతో సముద్రం గరుకుగా ఉంటుంది. బంగాళాఖాతంలో తుఫానులు ముఖ్యంగా రెండు కాలాలలో పుడతాయి. ఒకటి వానకాలానికి ముందు ఏప్రిల్, మే నెలలు. రెండవది అక్టోబరు నుండి డిసెంబరు వరకు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ తుఫాను, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం తీరాన్ని తాకిన తిత్లీ ఈ రెండవ కాలంలోనివే. 1996 తుఫానులో వెయ్యి మందికి పైగా మరణించారు. వారిలో వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో ఉన్నారు.

ఓడరేవులలో ఎగురవేసే హెచ్చరికలు 1 నుండి 11 వరకు ఉంటాయి. 1, 2 నంబర్లు దూరాన సముద్రంలో వాయుగుండమో తుఫానో ఉన్నదని, 3, 4 నంబర్లు రేవుకు కూడా ముప్పు రావచ్చని తెలియజేస్తాయి. 5, 6, 7 ప్రమాదానికి, 8, 9, 10 పెనుప్రమాదానికి గుర్తులు. 11వ నంబరు వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. "ఒకటో నంబరే కదా!" అని కొందరు తేలికగా తీసుకుంటారు. ఆ నంబరు రేవును ఉద్దేశించి ఇచ్చినదని మరచిపోకూడదు. తుఫాను రేవుకు దూరంగా ఉందంటే సముద్రం లోపల ఉన్న పడవకు దగ్గరగా ఉందని అర్థం.

ఆకాశం నిర్మలంగా ఉందని నమ్మడానికి కూడా వీలులేదు. వేల కిలోమీటర్ల దూరంలో, దక్షిణ హిందూ మహాసముద్రంలో రేగిన పెద్ద కెరటాలు కొన్ని రోజులు ప్రయాణించి మన తీరాన్ని చేరుతుంటాయి. ఇక్కడ గాలి ఉండదు, మబ్బు ఉండదు, కానీ ఒడ్డున కెరటం విరుచుకుపడుతుంది. గాలి లేకుండా కెరటాలు బారులు తీరి వస్తుంటే దూరాన ఏదో జరుగుతోందని మా పెద్దలు అంటారు. శాస్త్రం కూడా అదే చెబుతోంది. తుఫాను తెచ్చే ఉప్పెన పోటు నిండిన వేళకు వస్తే నీటిమట్టం రెండింటి కలయికతో మరింత పెరుగుతుంది. కాబట్టి పోటు లెక్క ఒడ్డున ఉండేవారికి కూడా అవసరమే.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు పౌర్ణమి. అందుకని కొందరు దానిని పౌర్ణమి పోటు అనుకున్నారు. నిజానికి సుమత్రా వద్ద సముద్ర గర్భంలో వచ్చిన భూకంపం దానికి కారణం. చంద్రునికి, సునామీకి సంబంధం లేదు.

ప్రయాణం వేసుకునే విధానం

ఇన్ని సంగతులను ఒక క్రమంలో పెట్టుకుంటే ఇలా ఉంటుంది.

1. వారం ముందు: క్యాలెండరులో తిథి చూడాలి. ఏ వలకు ఏ రోజులు అనుకూలమో, పోటు ఏ వేళకు వస్తుందో రాసుకోవాలి.

2. మూడు రోజుల ముందు: విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరిక కేంద్రం ప్రకటనలు వినాలి. 1999లో హైదరాబాదులో స్థాపించిన ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల ఎత్తు, గాలి వేగం, చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల వివరాలు ఇస్తుంది. ఉపగ్రహాలు గుర్తించిన నీటి వేడిని, నాచు రంగును బట్టి ఆ ప్రాంతాలను నిర్ణయిస్తారు.

3. ముందురోజు సాయంత్రం: ప్రకటన మళ్ళీ చూడాలి. మూడు రోజుల క్రితం మాట ఈరోజుకు చెల్లదు.

4. బయలుదేరే ముందు: ఎవరెవరు వెళ్తున్నారు, ఎటు వెళ్తున్నారు, ఎప్పుడు వస్తారు అన్నది ఇంటి దగ్గర చెప్పాలి. లైఫ్ జాకెట్లు, రేడియో, అదనపు డీజిలు, తాగునీరు ఉండాలి. ఆపద వస్తే తీర రక్షక దళం ఫోను నంబరు 1554. సెల్‌ఫోను సిగ్నల్ కొన్ని కిలోమీటర్ల వరకే అందుతుంది కాబట్టి లోతుకు వెళ్ళేవారికి రేడియో తప్పనిసరి.

5. మూడు లెక్కలలో తేడా వస్తే: పోటు బాగుండి, చీకటి బాగుండి, గాలి బాగాలేకపోతే పడవ దింపకూడదు. మంచి పోటు పదిహేను రోజులకు మళ్ళీ వస్తుంది.

మన కర్తవ్యం

చెప్పడానికి ఇది సులభమే. ఆచరించడం కష్టం. ఐసుకు, డీజిలుకు ముందే అప్పు తెచ్చి ఉంటారు. ఒకరోజు వేట మానితే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టమయ్యే కుటుంబాలు ఉన్నాయి. హెచ్చరిక తెలిసి కూడా కొందరు వెళ్ళేది ధైర్యం ఎక్కువై కాదు, గత్యంతరం లేక. కాబట్టి హెచ్చరిక సకాలంలో అందడం ఎంత ముఖ్యమో, వేట ఆగిన రోజులలో ఆ కుటుంబాన్ని ఆదుకోవడం అంత ముఖ్యం.

ఇక మన వంతు ఏమిటి? మా తాతలకు నక్షత్రాలు, గాలి, నీటి రంగు చదవడం వచ్చు. ఆ విద్య గొప్పది, దానిని వారి దగ్గర కూర్చొని నేర్చుకోవాలి. కానీ అచ్చయిన పట్టిక, తెరపై వచ్చే హెచ్చరిక చదవడం వారిలో చాలామందికి రాలేదు. అది మనకు వచ్చింది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పోటు వేళలను పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఇంటి గోడకు, వలలు బాగుచేసుకునే పాకకు అంటిద్దాం. రోజూ సాయంత్రం వాతావరణ ప్రకటనను నాన్నకు, చిన్నాన్నకు, పక్కింటి మామయ్యకు చదివి వినిపిద్దాం. హాస్టల్‌లో ఉన్నప్పుడు ఒక్క ఫోను చేసి చెబుదాం. మెట్ట ప్రాంతపు మిత్రులారా! పిడుగులు, వడగాలుల హెచ్చరికలు మీ ఊళ్ళకు కూడా వస్తాయి. మీరు కూడా మీ ఇంట ఈ పని చేయవచ్చు.

ప్రభుత్వం మనకు అన్నం పెట్టి, పుస్తకాలిచ్చి చదివిస్తున్నది పరీక్షలలో మార్కుల కోసం మాత్రమే కాదు. చదివిన నాలుగు ముక్కలు మన ఇంటి మనిషిని ఒడ్డుకు క్షేమంగా చేర్చగలిగితే ఆ చదువు సార్థకమైనట్లే.